భక్తి పాట ‘రక్తికట్టవచ్చునా?’

సందేహం: ఒక గాయని పాడిన రామదాసు కీర్తన వీడియో కింద ‘చక్కగా రక్తికట్టించారు’ అని రాశాను. ‘ప్రేమ పాటల వీడియోలకు ఆ మాట చెల్లుతుంది గానీ, దేవుడి పాటకు రక్తి ఏమిటి? అపచారం’ అని ఒకరు తప్పుపట్టారు. భక్తికి రక్తి వ్యతిరేకమా? నేను రాసింది తప్పా? – ఒక పాఠకురాలు, కాకినాడ

సమాధానం: అమ్మా, మీరు రాసింది తప్పు కాదు. తప్పుపట్టినవారి మీదా నాకు పెద్దగా కోపం లేదు. భక్తి, రక్తి అని ప్రాస కుదిరేసరికి రెంటినీ ఎదురెదురుగా కూర్చోబెట్టడం మనకు అలవాటైపోయింది. రక్తికి వ్యతిరేకపదం భక్తి కాదు, విరక్తి. భక్తికి విభక్తిని వ్యతిరేకం చేయనందుకు సంతోషిద్దాం.

రక్తి పుట్టింది ‘రంజ్’ ధాతువు నుంచి. దాని తొలి అర్థం రంగు పట్టడం, ఎర్రబారడం. రాగం, రంగు, రంజకం, రక్తం అన్నీ ఆ ఇంటివే. రజకుడు కూడా మొదట బట్టకు రంగు అద్దేవాడే, ఉతకడం తర్వాత వచ్చింది. గుడ్డకు రంగు పట్టినట్టు మనసు ఒకదాన్ని పట్టుకుని ఇక వదలకపోతే అది రక్తి, అనురక్తి. ఎవరి మీద అన్నది ధాతువు చెప్పదు. శాండిల్య భక్తిసూత్రాలు భక్తిని నిర్వచించిందే ‘సా పరానురక్తిరీశ్వరే’ అని. అంటే ఈశ్వరుడి మీది పరమమైన అనురక్తే భక్తి. ‘అపచారం’ అన్న పెద్దమనిషి ముందు శాండిల్యుడితో తేల్చుకోవాలి.

ఈ ఎరుపు సంగతి వస్తే నేను అన్నమయ్య దగ్గర ఆగకుండా పోలేను. ‘ఏమొకో చిగురుటధరమున ఎడనెడ కస్తురి నిండెను’ మీరు వినే ఉంటారు. అందులో నాయిక కడకన్నులు ఎర్రబడి ఉన్నాయి. ఎందుకని చెలులు ఆలోచనలో పడ్డారు. నిద్ర లేకనో, అలకతోనో అని మనబోటివాళ్లం సరిపెట్టుకుంటాం. అన్నమయ్య ఏమన్నాడో చూడండి:

‘నలువున ప్రాణేశ్వరుపై నాటిన ఆ కొనచూపులు
నిలువున పెరుకగ నంటిన నెత్తురు కాదు కదా’

చూపులు బాణాల్లా ఆయన ఒంట్లో దిగాయి. వాటిని నిలువునా పెరికి తీసుకుంది. ఆ కొసలకు అంటిన నెత్తురే ఈ కెంపు. ఆమె కంటి ఎరుపు ఆమెది కాదు, ఆయనది! ‘కాదు కదా’ అన్న సందేహంలోనే అవునన్న గడుసుదనం ఉంది. రక్తి, రక్తం ఒకే ధాతువు పిల్లలని వ్యాకరణం చెప్పేది పొడిగా ఉంటుంది. ఈ రెండు పాదాలు చదివాక ఆ మాట మళ్ళీ మరిచిపోలేం.

ఇంతకీ ఆ ప్రాణేశ్వరుడెవరు? పల్లవిలో ‘విభుడు’ అనే ఉంది, పై చరణంలోనూ పేరు లేదు. చివరి చరణంలో గానీ ‘గద్దరి తిరువేంకటపతి కౌగిట’ అని తెలియదు. అక్కడా ‘అద్దిన సురతపు చెమటల అందము’ అంటాడు. అద్దడం రంగులవాడి క్రియే, గమనించారా? అన్నమయ్య మనవడు చిన్నన్న రాసిన అన్నమాచార్య చరిత్రము ప్రకారం, రాజు సాళువ నరసింహరాయలు ఈ పాట విని మురిసిపోయి, తన మీదా ఇలాంటిదొకటి చెప్పమన్నాడు. అన్నమయ్య ఒప్పుకోలేదు. శృంగారం చెప్పనని కాదు, నాయకుణ్ణి మార్చనని. అన్నమయ్య పాటలు చెక్కిన తాళ్లపాక రాగిరేకుల్లో అధ్యాత్మం, శృంగారం అని విభాగం ఉన్నమాట నిజమే. అయితే శృంగార సంకీర్తనలే ఎక్కువ, రెండూ భద్రపరచింది తిరుమల ఆలయంలోనే.

ఇక మీ రామదాసు. ‘నను బ్రోవమని చెప్పవే సీతమ్మ తల్లి’ని మించిన భక్తి పాట ఏముంటుంది? అయితే ఆ మాట రాముడి చెవిన ఎప్పుడు వేయమంటున్నాడు? ‘మరుకేళి సొక్కియుండెడు వేళ’ (మన్మథక్రీడలో పరవశించి ఉన్నప్పుడు), ‘ఏకాంతమున ఏకశయ్య నున్నవేళ’. తహశీల్దారుగా పనిచేసినవాడు కదా, అర్జీ ఏ ఘడియలో పెడితే సంతకం పడుతుందో ఆయనకు తెలుసు. తల్లి అంటూనే ఆ ఏకాంతం మాట ఎత్తడానికి ఆయన జంకలేదు.

జంకు మనది. ఇప్పటి వీడియోల్లో పాట మూడు నాలుగు నిమిషాలు దాటకూడదట. రామదాసు కీర్తనలో ఆ చరణాలు ఎత్తేసి, దీపాలు, తులసిమాలలు పెట్టి ‘భక్తి గీతం’ అంటారు. అన్నమయ్య పాటలో తిరువేంకటపతి ఉన్న చివరి చరణం కోసేసి, వానలో ఓ జంటను తడిపి ‘లవ్ సాంగ్’ అంటారు. ఒకటి రెండు చరణాలు తీస్తే చాలు, ఒకటి పూర్తిగా గుడికి, ఇంకొకటి పూర్తిగా వీధికి చేరిపోతున్నాయి. పాడేవాళ్లు చరణాలన్నీ పాడాలి, లేదా పాట జోలికి పోకూడదు.

మీ వాక్యంలో క్రియ కూడా సరిగ్గానే ఉంది. పాట రక్తికడుతుంది, గాయని రక్తికట్టిస్తుంది. ‘గాయని రక్తికట్టింది’ అని పత్రికల్లో కనబడుతోంది, అది తప్పు. గడ్డకట్టు, కళకట్టు వంటిదే ఈ కట్టు. సంగీతజ్ఞులు సహాన, బేగడ వంటివాటిని ‘రక్తి రాగాలు’ అంటారు, అందులో శృంగారమే ఉండాలన్న నియమం లేదు. క్రికెట్ మ్యాచ్ రక్తికట్టడం నాకు రుచించదు గానీ, ఆపగలిగే స్థితి దాటిపోయింది.

ఒక్క సంగతి మాత్రం ఒప్పుకోవాలి. వాడుకలో ‘రక్తి’ అని విడిగా అంటే ఎక్కువమందికి తోచేది కామమే. అందువల్ల ‘రక్తికట్టించారు’ అని నిస్సంకోచంగా రాయండి. ‘రామదాసు కీర్తనలో రక్తి’ అని రాయవలసివస్తే అనురక్తి అనండి, తగవు తప్పుతుంది. తగవు వచ్చినా ఫరవాలేదనుకుంటే రక్తి అనే రాయండి. నేనైతే అలాగే రాస్తాను.