గినీ పిగ్‌కు జోడీ సంగతి తర్వాత, ముందు ఆ సిరప్ ఆపండి

ప్రశ్న: డాక్టర్ గారూ, మేము చెన్నై పెరంబూరులో ఉంటాం. ఆరో తరగతి చదివే మా అమ్మాయి కోసం కొన్న గినీ పిగ్‌కు ఇప్పుడు ఏడాదిన్నర. ఆడదని షాపులో చెప్పారు. ఇంట్లో అదొక్కటే. నాలుగు రోజులుగా మూలన ముడుచుకుని కూర్చుంటోంది. క్యారెట్ ముక్క పెడితే ఆత్రంగా వస్తుంది, నోట్లో పెట్టుకుని వదిలేస్తుంది. పెంటికలు కూడా తగ్గాయి. ఎండలకేమో అనుకున్నాం. తోడు లేక దిగులు పెట్టుకుందని మా అమ్మాయి ఒకటే ఏడుపు. మగదాన్ని తెచ్చి జత చేస్తే మామూలైపోతుందని షాపతను అంటున్నాడు. కుందేలైనా పర్వాలేదా? జలుబేమోనని అమ్మాయికి వాడగా మిగిలిన అమాక్సిసిలిన్ సిరప్ రెండు చుక్కలు పొద్దున, సాయంత్రం పోస్తున్నాం. పెల్లెట్లు (షాపులో అమ్మే మేత గుళికలు) విటమిన్ సి ఉన్న మంచి రకమే, దీపావళికి పెద్ద ప్యాకెట్ కొన్నాం. ఏ జోడీ తెస్తే మంచిదో చెప్పగలరు. – ఓ పాఠకురాలు

జవాబు: అమ్మా, మీరు అడిగింది జోడీ గురించి. నా కళ్లు మాత్రం మీ ఉత్తరంలో రెండు మాటల దగ్గరే ఆగిపోయాయి. నాలుగు రోజులుగా తిండి లేదు, పైగా అమాక్సిసిలిన్ పోస్తున్నారు. ఈ జవాబు వెలువడేదాకా ఆగే సమయం లేదు కాబట్టి, సిరప్ వెంటనే ఆపి ఈరోజే వెటర్నరీ డాక్టర్‌కు చూపించమని డెస్క్ వాళ్ల చేత మీకు ముందే మెయిల్ పెట్టించాను. చూపించే ఉంటారనుకుంటున్నాను. ఇదే పని ఇంకెందరు చేస్తున్నారో తెలియదు కనుక మిగతాది అందరికీ కలిపి రాస్తున్నాను.

కుక్క ఒకపూట ముద్ద ముట్టకపోతే సాయంత్రం చూద్దాంలే అనుకోవచ్చు. గినీ పిగ్ విషయంలో అలా కుదరదు. అది పొద్దస్తమానం గడ్డి నమలాలి, ఆ గడ్డిని పేగులోని మంచి బ్యాక్టీరియా పులియబెట్టాలి, అప్పుడే దానికి ఒంటబడుతుంది. తినడం ఆగితే పేగుల కదలిక మందగిస్తుంది, గ్యాస్ చేరి పొట్ట ఉబ్బుతుంది, కాలేయానికి కొవ్వు పడుతుంది. ఒక రోజు పూర్తిగా తినలేదంటే మేము ఎమర్జెన్సీ కిందే లెక్కేస్తాం. మీరు నాలుగు రోజులు ఆగారు. దిగులనుకోవడం వల్లే ఆగారని అర్థమవుతోంది. ఇలాంటి జంతువులు జబ్బును వీలైనంతవరకు బయటపడనీయవు. మూలన కూర్చుందని మన కంటికి ఆనేసరికే లోపల ముదిరి ఉంటుంది. తోడు లేనిది మందకొడిగా ఉండొచ్చు, ఆడుకోకపోవచ్చు. తిండి మానేసి పెంటికలు తగ్గాయంటే మాత్రం ముందు జబ్బు లేదని తేల్చుకోవాలి, ఆ తర్వాతే దిగులు మాట.

ఇక సిరప్. అమాక్సిసిలిన్, యాంపిసిలిన్ లాంటి పెన్సిలిన్ జాతి మందులు నోటి ద్వారా ఇస్తే గినీ పిగ్‌లకు ప్రాణాంతకం. క్లిండమైసిన్, ఎరిత్రోమైసిన్ కూడా అంతే. ఈ మందులు పేగులోని మంచి బ్యాక్టీరియాను తుడిచిపెట్టేస్తాయి. ఆ ఖాళీలో క్లాస్ట్రీడియం అనే చెడ్డ రకం పెరిగి విషం వదులుతుంది. కొన్ని రోజుల్లో విరేచనాలు, ఒళ్లు చల్లబడడం, తర్వాత మరణం. కొన్నిటికి విరేచనాలు కూడా కావు, ఉన్నట్టుండి పోతాయి. ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. 1940లో ఆక్స్‌ఫర్డ్‌లో శాస్త్రవేత్త ఫ్లోరీ బృందం పెన్సిలిన్‌ను చిట్టెలుకల మీద పరీక్షించింది కాబట్టి సరిపోయింది. గినీ పిగ్‌ల మీద చేసి ఉంటే విషమని పక్కన పడేసేవారేమోనని మా క్లాసుల్లో చెప్పుకునేవాళ్లం. వాటికి అది పడదని 1943 నాటికే తేలింది.

రెండు చుక్కలేగా అంటారు. దాని బరువు కిలో కూడా ఉండకపోవచ్చు, అది గుర్తుంచుకోండి. ఇంకో మాట, మీరు కోప్పడినా సరే. నీళ్లు కలిపిన అమాక్సిసిలిన్ సిరప్ వారం, మహా అయితే రెండు వారాలు దాటితే మీ అమ్మాయికే పనికిరాదు. ఫ్రిజ్ తలుపు అరలో మూత చుట్టూ గులాబీ రంగు జిగురు పట్టి నెలల తరబడి ఉండే సీసాలు చాలా ఇళ్లలో చూస్తుంటాను. కోర్సు అయ్యాక మిగిలింది పారేయాలి. మనిషి మందు జంతువుకు, కుక్క మందు కుందేలుకు, ఒకరి మందు ఇంకొకరికి పోయకండి. విరేచనాలు మొదలైతే మెడికల్ షాపుకెళ్లి అవి ఆగే బిళ్ల తేవడం కూడా అంతే తప్పు, పేగులో విషం అక్కడే నిలిచిపోతుంది. వీటికి సరిపడే యాంటీబయాటిక్స్ వేరే ఉన్నాయి. పేర్లు, డోసులు కావాలనే రాయడం లేదు. చూడకుండా రాస్తే రేపు ఇంకో ఇంట్లో ఇంకో సీసా తెరుచుకుంటుంది.

మీ గినీ పిగ్‌కు అసలు జబ్బేమిటో నేను ఇక్కడి నుంచి చెప్పలేను. ఆత్రంగా వచ్చి, నోట్లో పెట్టుకుని వదిలేస్తోందని రాశారే, అది నాకు పళ్ల సమస్యలా అనిపిస్తోంది. వీటి పళ్లు బతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయి. ఎండుగడ్డి చాలకపోతే అరగవు. లోపలి దవడపళ్లు వంకరగా పెరిగి నాలుకకో బుగ్గకో గుచ్చుకుంటాయి. ఆకలి ఉంటుంది, నమలలేదు. గడ్డం కింద తడిగా ఉందేమో చూడండి. ముందు పళ్లు బాగున్నాయి కదా అని ఊరుకోవద్దు, లోపలి పళ్లు ఇంట్లో మీకు కనబడవు. న్యుమోనియా, మూత్రాశయంలో రాళ్లు, ఈ వయసు ఆడవాటిలో అండాశయ తిత్తులు కూడా ఇలాగే మొదలవుతాయి.

పెల్లెట్ల ప్యాకెట్ మీద నాకు ఇంకో అనుమానం. మనలాగే గినీ పిగ్ కూడా విటమిన్ సి సొంతంగా తయారుచేసుకోలేదు. రోజూ కిలో బరువుకు 10 నుంచి 30 మిల్లీగ్రాముల దాకా తిండిలోనే అందాలి. పెల్లెట్లలో కలిపిన విటమిన్ సి, తయారైన మూడు నెలలకు చాలావరకు పోతుంది. ప్యాకెట్ తెరిచి చెన్నై ఉక్కలో పెడితే ఇంకా త్వరగా పోతుంది. దీపావళి ప్యాకెట్ ఎండాకాలందాకా వచ్చిందంటే మిగిలింది పిండే. కీళ్ల వాపు, కుంటడం, జుట్టు రేగడం, పట్టుకుంటే కీచుమనడం ఇవన్నీ ఆ లోపానికి గుర్తులు. రోజూ ఓ క్యాప్సికమ్ ముక్క, కాస్త కొత్తిమీర, అప్పుడప్పుడు చిన్న జామ ముక్క పెట్టండి. విటమిన్ సి చుక్కల మందు నీళ్లలో కలిపితే అది వెలుతురుకి, గాలికి విరిగిపోతుంది, రుచి మారి నీళ్లు తాగడం కూడా మానేస్తుంది. పాలకూర రోజూ వద్దు. ఎండుగడ్డి దొరకని రోజు గుడి దగ్గర అమ్మే గరిక తెచ్చుకోవచ్చు, నాలుగు నీళ్లు మార్చి కడిగి పెట్టండి. అది ఎక్కడ కోసుకొచ్చారో, ఏ మందు కొట్టారో మనకు తెలియదు.

ఎండ సంగతి మీరన్నది కొట్టిపారేయను. 27, 28 డిగ్రీలు దాటితేనే వీటికి ఇబ్బంది, మనకు కత్తిరి రోజుల్లో 40 వస్తుంది. పంజరం బాల్కనీలో ఉంటే లోపలికి మార్చండి. కానీ ఎండ దెబ్బ నాలుగు రోజులు మెల్లగా సాగదు, గంటల్లో తేలిపోతుంది.

చూపించడానికి అందరు వెటర్నరీ డాక్టర్లూ ఈ చిన్న జంతువులను చూడరు, ముందు ఫోన్ చేసి కనుక్కోండి. ఎవరూ దొరక్కపోతే మీకు వేపేరిలో మద్రాస్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి దగ్గరే. సిరప్ సీసా, పెల్లెట్ల ప్యాకెట్, చిన్న కవర్లో ఈరోజు పెంటికలు పట్టుకెళ్లండి. ఎన్ని చుక్కలు, ఎన్నిసార్లు పోశారో దాచకుండా చెప్పండి. తిడతారని భయపడి చాలామంది ఈ ముక్క చెప్పరు, దాంతో మాకు చికిత్స దారి తప్పుతుంది.

ఇప్పుడు జోడీ. మీ అమ్మాయి ఆలోచనలో తప్పు లేదు. ఇవి గుంపుగా బతికే జీవాలు. స్విట్జర్లాండ్‌లో 2008 నుంచి ఒంటరిగా పెంచడానికి చట్టమే ఒప్పుకోదు. కోలుకున్నాక తోడు తెండి, నేనూ అదే చెబుతాను. మగదాన్ని మాత్రం వద్దు. షాపతను పిల్లలు పెడితే తిరిగి కొందామనే లెక్కలో చెబుతున్నాడేమో నాకు తెలియదు కానీ, మీకు అది ప్రమాదం. ఆడ గినీ పిగ్ ఆరేడు నెలల లోపు ఒక్క ఈతా ఈనకపోతే కటి ఎముకల మధ్య కీలు బిగుసుకుపోతుంది. ఆ తర్వాత మొదటి కాన్పు అయితే పిల్లలు బయటికి రావడం కష్టం, సిజేరియన్ దాకా వెళ్తుంది, తల్లి దక్కుతుందని హామీ ఉండదు. మీదానికి ఏడాదిన్నర. కాబట్టి ఇంకో ఆడది, లేదా ఆపరేషన్ చేయించి ఆరు వారాలు గడిచిన మగది. ఆపరేషన్ మర్నాడే కలిపితే లాభం లేదు, కొన్ని వారాలు ఆడదానికి కడుపు చేసే శక్తి ఉంటుంది. అసలు మీదీ ఆడదో కాదో డాక్టర్ చేత చూపించుకోండి. షాపు మాట నమ్మి రెండు ఆడవి తెచ్చుకున్న ఇంట్లో రెండు నెలలకు బుల్లి పిల్లలు తిరగడం మాకు మామూలే. కొత్తది కడుపుతోనే రావచ్చు, 59 నుంచి 72 రోజులు మోస్తుంది.

కుందేలు వద్దు. ఒక్క తాపుకి దీని వెన్ను విరుగుతుంది. కుందేలు ముక్కులో ఏ ఇబ్బందీ లేకుండా ఉండే బోర్డెటెల్లా అనే క్రిమి దీనికి న్యుమోనియా తెస్తుంది.

తెచ్చినదాన్ని తెచ్చినట్టు పంజరంలో వేయకండి. మూడు వారాలు వేరే గదిలో, వేరే గిన్నెలతో ఉంచండి. ముందు పాతదాని పని చూసి తర్వాత కొత్తదాని దగ్గరికెళ్లండి, మధ్యలో చేతులు కడుక్కోండి. షాపు నుంచి పేలు, గజ్జి పురుగు, తామర వస్తాయి. ఈ తామర మీ అమ్మాయికి కూడా అంటుకుంటుంది. చేతి మీద గుండ్రటి మచ్చ కనబడితే మెడికల్ షాపులో ఇచ్చే స్టెరాయిడ్ కలిసిన ట్యూబు రాయకండి, రెండు రోజులు తగ్గినట్టుండి పాకుతుంది. స్కిన్ డాక్టర్‌కు చూపించి, ఇంట్లో గినీ పిగ్ ఉందని చెప్పండి. కుక్కలకు కొట్టే పిడుదుల స్ప్రే వీటి మీద కొట్టవద్దు.

కలపడం హాల్లో నేల మీద, రెండింటికీ కొత్తైన చోట చేయండి. రెండు వైపులా దారి ఉన్న అట్టపెట్టెలు రెండు, గడ్డి కుప్పలు మూడు నాలుగు చోట్ల పెట్టండి. గుర్రుమంటూ నడుము ఊపుతూ తిరగడం, తరమడం, ఒకదాని మీద ఒకటి ఎక్కడం మామూలే, విడదీయకండి. పళ్లు పటపటలాడిస్తూ జుట్టు నిక్కబొడిస్తే జాగ్రత్త. రక్తం కనబడితే తువ్వాలు వేసి విడదీయండి, చెయ్యి పెడితే కరుస్తాయి. రెండింటికి కనీసం ఎనిమిది చదరపు అడుగుల చోటు కావాలి, షాపులో అమ్మే చిన్న పంజరాలు చాలవు.

ఎప్పుడు తేవాలన్నది దాని బరువును బట్టి చూసుకోండి. వంటింట్లో చిన్న డిజిటల్ కాటా ఉంటే దాని మీద డబ్బా పెట్టి, ఇప్పుడు రోజూ, కోలుకున్నాక వారానికోసారి తూచి రాసుకోండి. 50 గ్రాములు తగ్గితే ఫోన్ చేయండి, 100 తగ్గితే ఫోన్ కాదు, తీసుకురండి. మందులన్నీ ఆగాక రెండు మూడు వారాలు బరువు నిలకడగా ఉండి, ఎండుగడ్డి తనంతట తాను తింటుంటే, చూసిన డాక్టర్ కూడా సరేనంటే, అప్పుడు రెండోదాన్ని చూసుకోండి. వెళ్లేటప్పుడు మీ అమ్మాయిని కూడా తీసుకెళ్లండి.