ఆటకూ పాటకూ ఒకే హెడ్‌ఫోన్

చిరంజీవి మేనకోడలికి అత్తయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరమూ, దానితో పంపిన రెండు ఫొటోలూ అందాయి. ఒకటి గేమింగ్ హెడ్‌సెట్ పెట్టె, దాని మీద రంగు దీపాల బొమ్మ, పక్కన 7.1 సరౌండ్ అనీ 50 మిల్లీమీటర్ల డ్రైవర్ (లోపల ధ్వని పుట్టించే చిన్న స్పీకర్) అనీ పెద్ద అక్షరాలు ఉన్నాయి. రెండవది పాటల కోసమని అమ్ముతున్న బ్లూటూత్ హెడ్‌ఫోన్. ఆటకూ పాటకూ ఒక్కటే కావాలి, రెండింటిలో ఏది తీసుకోమంటావని అడిగావు. రెండూ వద్దన్నదే నా సమాధానం. ముప్పై ఏళ్లకు పైగా రికార్డింగ్ గదుల్లో హెడ్‌ఫోన్‌లు పెట్టుకుని పనిచేసినదాన్ని కనుక ఎందుకు వద్దంటున్నానో వివరంగా రాస్తున్నాను. ఇదంతా చదివాక కూడా మొదటి పెట్టెనే కొనాలనిపిస్తే కొనుక్కో, అప్పుడు కనీసం తెలిసి కొన్నట్టవుతుంది.

ఆటకు ఒక చెవి, పాటకు మరొక చెవి మనకు లేవమ్మా. గాయని పల్లవి ఎత్తుకునే ముందు తీసే ఊపిరిని ఉన్నదున్నట్టు వినిపించే హెడ్‌ఫోన్, ఆటలో గోడ వెనుక నడిచే ప్రత్యర్థి అడుగులనూ అంతే స్పష్టంగా వినిపిస్తుంది. పాటను పాడుచేసే హెడ్‌ఫోన్ ఆటనూ పాడుచేస్తుంది. గేమింగ్ కోసమని అమ్మే చాలా హెడ్‌సెట్లలో పేలుళ్లు గుండెలదిరేలా వినిపించాలని మంద్ర ధ్వనిని, అంటే బాస్‌ను, అతిగా పెంచుతారు. బలమైన మంద్ర ధ్వని తన పైనున్న సన్నని చప్పుళ్లను కప్పేస్తుంది. చెవి స్వభావమే అది. తుపాకీలో గుళ్లు నింపే చప్పుడు, చెక్క మీద అడుగుకూ రాతి మీద అడుగుకూ ఉన్న తేడా, ఇవన్నీ శ్రుతిలో మధ్య స్థాయిలోనూ పై స్థాయిలోనూ ఉంటాయి కనుక ముందు మరుగున పడేవి అవే. అందువల్ల నేను చెప్పదలచినది ఒక్కటే: నీ చేతిలో ఉన్న డబ్బంతా ధ్వని మీదా, తలకు హాయిగా అమరడం మీదా పెట్టి పాటలకు పనికివచ్చే ఒక మంచి వైరు హెడ్‌ఫోన్ తీసుకో, మైకును విడిగా కొనుక్కో.

ఇక 7.1 అనే మాట సంగతి. చుట్టూ ఏడు స్పీకర్లు, మంద్రానికి ఇంకొకటి ఉన్నట్టు వినిపిస్తుందని దాని అర్థం. మనిషికి ఉన్నవి రెండే చెవులు, అయినా చప్పుడు ఏ దిక్కు నుంచి వచ్చిందో మనకు తెలుస్తుంది. కుడివైపు పుట్టిన చప్పుడు ఎడమ చెవిని 0.6 నుంచి 0.7 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది, దారిలో తల అడ్డు రావడం వల్ల పై స్థాయి ధ్వనులు కొంత బలహీనపడతాయి కూడా. కింది స్థాయి ధ్వనులకు కాల భేదమూ, పై స్థాయి ధ్వనులకు బలంలోని భేదమూ దిక్కును తెలుపుతాయని భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీ 1907లోనే వివరించాడు. ముందూ వెనుకా, పైనా కిందా అనే తేడాను ప్రధానంగా చెవిదొప్ప మడతలు తెచ్చే మార్పుల వల్ల గుర్తిస్తాం. ఈ మార్పులను లెక్కకట్టి సాఫ్ట్‌వేర్ ద్వారా రెండు ఛానెళ్లలోనే ఇమిడ్చే పద్ధతిని హెచ్‌ఆర్‌టీఎఫ్ అంటారు. పెట్టె మీద 7.1 అని ఉన్న హెడ్‌సెట్లలో అత్యధిక శాతం చేసేది ఇదే. లోపల చెవికి ఒక డ్రైవర్ చొప్పున రెండే ఉంటాయి తప్ప ఎనిమిది స్పీకర్లు ఉండవు. అదే పనిని కౌంటర్ స్ట్రైక్, వాలరెంట్ వంటి ఆటలు తమ సెట్టింగ్‌లలోనే చేసిపెడతాయి, దానికి మామూలు స్టీరియో హెడ్‌ఫోన్ చాలు. ఆటలో ఒకసారి, హెడ్‌సెట్‌లో మరొకసారి ఆ మార్పు జరిగితే దిక్కులు కలగాపులగమవుతాయి కాబట్టి ఎప్పుడూ ఒక్కచోట మాత్రమే దాన్ని ఆన్ చేసి ఉంచు. పాటలు వినేటప్పుడు రెండుచోట్లా ఆపేయి. స్టూడియోలో రెండు ఛానెళ్లకని శ్రద్ధగా కలిపిన పాటను మళ్లీ ఒక గదిలో మోగుతున్నట్టు మార్చడం ఆ పనిచేసినవారికి అన్యాయం చేయడమేనని నేను గట్టిగా నమ్ముతాను.

పెట్టె మీద అంకెలు చూసి మోసపోవద్దు. 20 నుంచి 20,000 హెర్ట్జ్ వరకు అని దాదాపు ప్రతి పెట్టె మీదా ఉంటుంది, అది మనిషి చెవి వినగల పరిధి మాత్రమే. ఆ పరిధిలో ఏ భాగం ఎంత బలంగా వినిపిస్తుందన్నదే అసలు విషయం, అది పెట్టె మీద ఉండదు. డ్రైవర్ 50 మిల్లీమీటర్లు ఉన్నంత మాత్రాన 40 మిల్లీమీటర్ల దానికంటే మేలని చెప్పలేం. ఏ స్థాయి ధ్వని ఎంత బలంగా వస్తుందో కొలిచి గీసిన రేఖాపటాలు దొరికితే చూడు. ఆడియో పరికరాలు తయారుచేసే హార్మన్ సంస్థలో షాన్ ఆలివ్, టాడ్ వెల్టీ తదితరులు చాలామంది శ్రోతలకు రకరకాల ధ్వనులు వినిపించి, ఎక్కువమందికి నచ్చే తీరును ఒక రేఖగా గీశారు. దాన్ని హార్మన్ టార్గెట్ అంటారు. నువ్వు చూస్తున్న హెడ్‌ఫోన్ రేఖ దానికి ఎంత దగ్గరగా ఉందో, ఎక్కడ దూరమైందో చూస్తే వినకముందే దాని స్వభావం కొంత అర్థమవుతుంది.

తరువాత తేల్చుకోవలసినది చెవి కప్పుల వెనుకభాగం తెరిచి ఉన్న ఓపెన్ బ్యాక్ కావాలా, మూసి ఉన్న క్లోజ్డ్ బ్యాక్ కావాలా అన్నది. 1968లో సెన్‌హైజర్ తెచ్చిన హెచ్‌డీ 414తో జనానికి పరిచయమైన ఓపెన్ బ్యాక్ రకమంటే నాకు ప్రాణం. కప్పు వెనుక గోడ లేదు కనుక ధ్వని అక్కడ తగిలి తిరిగి రాదు. పాట తలలో ఇరుక్కున్నట్టు కాక కాస్త దూరంగా విచ్చుకున్నట్టు ఉంటుంది, ఆటలో దూరాలను అంచనా వేయడమూ తేలికవుతుంది, చెవులకు ఉక్కపోత ఉండదు. ఇంత చెప్పినా నీకు మాత్రం దాన్ని కొనమని చెప్పలేను. నువ్వూ తమ్ముడూ ఒకే గదిలో ఉంటారని, వాడు చదువుకునే వేళే నీ ఆట వేళ అని రాశావు. ఓపెన్ బ్యాక్‌లో నీకు వినిపించేదంతా పక్కవాడికీ వినిపిస్తుంది, వాడు పైకి చదివే పాఠం నీ చెవిలోనూ పడుతుంది. దాన్ని అణచడానికి నువ్వు ధ్వని పెంచుతూ పోతావు. నాకు భయం అక్కడే. కాబట్టి నీకు క్లోజ్డ్ బ్యాక్ రకమే తగినది. సొంత గది ఏర్పడిన రోజున ఈ నిర్ణయాన్ని మళ్లీ ఆలోచించుకోవచ్చు.

నువ్వు కళ్లజోడు పెట్టుకుంటావు. ఈ సంగతిని అందరూ తేలిగ్గా తీసుకుంటారు కానీ నా అనుభవంలో సగం ఎంపిక ఇక్కడే తేలిపోతుంది. క్లోజ్డ్ బ్యాక్ హెడ్‌ఫోన్‌లో మంద్ర ధ్వని నిలవాలంటే మెత్తలు చెవి చుట్టూ సందు లేకుండా ఆనాలి. కళ్లజోడు కాడ కింద ఒక సన్నని సందు ఏర్పడితే చాలు, మంద్రం అందులోంచి కారిపోయి ధ్వని పలచబడుతుంది. మెత్తలు గట్టివైతే కాడను కణతకు నొక్కి గంటలోపే నొప్పి పుట్టిస్తాయి. అందుకని లోతుగా, మెత్తగా ఉండి, కాడ చుట్టూ సర్దుకునే మెత్తలు ఉన్నవాటిని చూడు. వెల్వెట్ వంటి బట్ట మెత్తలు గాలి ఆడనిస్తాయి, చెమట పట్టనివ్వవు. కృత్రిమ తోలు మెత్తలు బయటి చప్పుడును బాగా ఆపుతాయి కానీ కొన్నేళ్లకు పొరలు పొరలుగా ఊడుతాయి. ఏ రకమైనా సరే, విడి మెత్తలు దొరుకుతాయో లేదో కొనకముందే కనుక్కో. హెడ్‌ఫోన్‌లో ముందుగా పాడయ్యేవి మెత్తలూ వైరూను. ఆ రెండూ మార్చుకోగలిగితే మిగతాది పదేళ్లకు పైగా పనిచేస్తుంది. బరువు మూడు వందల గ్రాములకు లోపు ఉంటే మేలు. ఒకప్పుడు నేను ఒక బరువైన హెడ్‌ఫోన్‌ను అయిదు నిమిషాలు విని మురిసిపోయి కొన్నాను. రెండు గంటల పని తరువాత మెడ పట్టేసింది, నెల తిరగకుండానే దాన్ని అవతల పెట్టవలసి వచ్చింది. నువ్వు మాత్రం నీ కళ్లజోడుతోనే, కనీసం అరగంట పెట్టుకుని చూడకుండా దేన్నీ ఖాయం చేయవద్దు.

బ్లూటూత్ వద్దన్నది పాటల విషయంలో కాదు. పాటలకు అది చక్కగా సరిపోతుంది. ఆటలోనే చిక్కు. తెర మీద సెకనుకు 60 దృశ్యాలు మారుతుంటే ఒక్కో దృశ్యానికి పట్టేది 16.7 మిల్లీసెకన్లు. మామూలు బ్లూటూత్‌లో ధ్వని 100 నుంచి 200 మిల్లీసెకన్ల దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువగా ఆలస్యమవుతుంది. అంటే అడుగు నీకు వినిపించేసరికి ప్రత్యర్థి పది దృశ్యాలు ముందుకు వచ్చేసి ఉంటాడు. సినిమా చూసేటప్పుడు బొమ్మను కాస్త ఆపి ధ్వనితో కలుపుతారు, ఆటలో అలా కుదరదు. అంతకంటే పెద్ద ఇబ్బంది మైకుతో వస్తుంది. పాత తరహా బ్లూటూత్‌లో హెడ్‌సెట్ మైకును ఆన్ చేయగానే అది ఫోన్ కాల్ పద్ధతికి మారిపోతుంది, స్టీరియో పోయి అంతా ఒకే ఛానెల్ అవుతుంది, పై స్థాయి ధ్వనులు తెగిపోతాయి. స్నేహితులతో మాట్లాడుతూ ఆడే నీకు కుడి ఎడమలే తెలియకుండా పోతాయి. బ్లూటూత్‌లోనే ఎల్ఈ ఆడియో అనే కొత్త పద్ధతి దీన్ని చాలావరకు చక్కదిద్దుతుంది కానీ అటు ల్యాప్‌టాప్‌లోనూ ఇటు హెడ్‌ఫోన్‌లోనూ ఆ సదుపాయం ఉండాలి. వైరు అసలే వద్దనుకుంటే, ల్యాప్‌టాప్‌కు గుచ్చే చిన్న యూఎస్‌బీ డాంగిల్‌తో 2.4 గిగాహెర్ట్జ్‌లో పనిచేసేదాన్ని చూడు. దానిలో ఆలస్యం ఆటకు అడ్డురానంత తక్కువగా ఉంటుంది. అయినా బ్యాటరీ అరిగిపోయే వస్తువు కనుక నా ఓటు వైరుకే.

నాయిస్ క్యాన్సిలింగ్‌కు నువ్వు డబ్బు పెట్టనవసరం లేదు. అది ఫ్యాను హోరు, ఇంజను రొద వంటి ఎడతెగని కింది స్థాయి చప్పుళ్లను బాగా అణచుతుంది. పక్కన తమ్ముడి మాటలను అంతగా ఆపలేదు.

వైరు హెడ్‌ఫోన్‌లలో ఒక అంకెను మాత్రం తప్పక చూడాలి, అది ఇంపీడెన్స్, అంటే విద్యుత్తుకు హెడ్‌ఫోన్ చూపే అడ్డు, దాన్ని ఓమ్‌లలో కొలుస్తారు. ల్యాప్‌టాప్‌కూ ఫోన్‌కూ నేరుగా తగిలించేదానికి 16 నుంచి 80 ఓమ్‌ల లోపు ఉంటే ఇబ్బంది ఉండదు. 250, 300 ఓమ్‌ల రకాలకు సాధారణంగా విడి యాంప్లిఫయర్ ఉంటేనే నిండుదనం వస్తుంది. ఒకే పేరుతో వేర్వేరు ఓమ్‌లలో అమ్మేవీ ఉన్నాయి. బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రోనే తీసుకుంటే 32, 80, 250 ఓమ్‌లలో దొరుకుతుంది, పేరు చూసి తొందరపడి 250 తెచ్చుకుంటే ల్యాప్‌టాప్‌లో ధ్వని నీరసంగా ఉందని బాధపడతావు. ఆ 80 ఓమ్‌ల రకమూ, స్టూడియోలలో 1991 నుంచి వాడుకలో ఉన్న సోనీ ఎండీఆర్ 7506, ఆడియో టెక్నికా ఏటీహెచ్ ఎం50ఎక్స్, ఈ మూడూ క్లోజ్డ్ బ్యాక్ రకాలే. వీటినే కొనమని కాదు, వీటిని ముందుగా విని చెవికి ఒక కొలబద్ద ఏర్పరచుకుంటే మిగతావాటిని బేరీజు వేయడం తేలిక. డీటీ 770 బట్ట మెత్తలు కళ్లజోడుకు అనుకూలం కానీ దాని పై స్థాయి కాస్త పదును, ఎక్కువసేపు వింటే కొందరికి చెవి అలసిపోతుంది. అలాంటప్పుడు ఈక్వలైజర్‌లో ఆ భాగాన్ని కొద్దిగా తగ్గించుకోవచ్చు. విండోస్‌లో ఈక్వలైజర్ ఏపీఓ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది.

వినడానికి వెళ్లేటప్పుడు నీకు కంఠతా వచ్చిన పాటలు మూడు వెంట తీసుకుపో: ఒకటి వట్టి గొంతు ప్రధానంగా ఉన్నది, ఒకటి లోతైన మంద్రం ఉన్నది, ఒకటి అనేక వాద్యాలు ఒక్కసారిగా మోగేది. మొదటిదానిలో గొంతు మనిషి గొంతులాగే ఉందా, స, శ వంటి అక్షరాలు చెవిలో గుచ్చుకుంటున్నాయా అని విను. రెండవదానిలో మంద్రం గొంతు మీదికి పాకుతోందా చూడు. మూడవదానిలో ఒక్క వాద్యాన్ని పట్టుకుని చివరిదాకా వెంబడించగలుగుతున్నావా అన్నదే పరీక్ష. ఆ పని చేయనిచ్చే హెడ్‌ఫోన్ ఆటలో అడుగుల్ని దాచదు. రెండు హెడ్‌ఫోన్‌లను పోల్చేటప్పుడు రెండింటి ధ్వని మట్టమూ సమానంగా ఉంచు, ఎందుకంటే కాస్త గట్టిగా మోగేదే మంచిదనిపించడం అందరి చెవులకూ సహజం.

ధ్వని మట్టం గురించి ఒక్క మాట, తల్లీ. ఇది మాత్రం నిన్ను బతిమాలి చెబుతున్నాను. పెద్దవాళ్లకు వారానికి 40 గంటలపాటు 80 డెసిబెల్స్ వరకు పరవాలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ప్రతి 3 డెసిబెల్స్ పెంపుకూ ఆ సమయం సగమవుతుంది, 90 డెసిబెల్స్‌కు చేరేసరికి వారానికి 4 గంటలే మిగులుతాయి. వయసులో ఉన్నప్పుడు ఇవేవీ పట్టించుకోకుండా రోజుకు పది గంటలు గట్టిగా విన్నాను. ఈనాడు నిశ్శబ్దంగా ఉన్న గదిలో కూడా నా ఎడమ చెవిలో సన్నని ఈల ఆగకుండా వినిపిస్తూనే ఉంటుంది. లోపలి చెవిలోని కేశకణాలు ఒకసారి చనిపోతే మళ్లీ పుట్టవు. పక్కవాళ్లు మామూలు గొంతుతో పిలిస్తే అర్థమయ్యే మట్టంలో ఆట మొదలుపెట్టు, మధ్యలో పెంచకు, గంటకోసారి తీసి పక్కన పెట్టు.

మైకు విషయం మిగిలింది. హెడ్‌ఫోన్‌కు అంటించుకునే చిన్న బూమ్ మైకో, బల్ల మీద నిలబెట్టే యూఎస్‌బీ మైకో ఏదైనా హెడ్‌సెట్లలో వచ్చేవాటికంటే తీసిపోదు. గది ఒకటే కనుక, నోటికి దగ్గరగా ఉండి తమ్ముడి చప్పుడును తక్కువగా పట్టే బూమ్ మైకే నీకు మేలని నా అభిప్రాయం. అది కొనేముందు నీ ల్యాప్‌టాప్‌కు 3.5 మిల్లీమీటర్ల సాకెట్లు రెండు ఉన్నాయా, ఒకటే ఉందా చూసి నాకు రాయి. ఒకటే అయితే మైకునూ హెడ్‌ఫోన్‌నూ కలిపే చిన్న స్ప్లిటర్ వైరు కావాలి, దానిలో ఏ రకం కొనాలో జవాబులో రాస్తాను.

ఇట్లు,
మీ అత్తయ్య