చలికి భయపడి ఫ్లాట్ అమ్మొద్దు

ప్రశ్న: నాకు 62 ఏళ్లు. బాలానగర్‌లో ఒక ప్రైవేటు కంపెనీలో పనిచేసి రిటైరయ్యాను. మా ఆవిడకు రుమటాయిడ్ ఆర్థరైటిస్, ఆస్తమా. చలికాలం వస్తే పొద్దున్నే గ్లాసు కూడా పట్టుకోలేదు. మేముండే కూకట్‌పల్లి ఫ్లాట్ అమ్మేసి, థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మాయ్ వెళ్లి స్థిరపడదామనుకుంటున్నాం. సీనియర్ సిటిజన్స్ స్కీమ్‌లో 30 లక్షలు, బ్యాంకులో 45 లక్షలు ఉన్నాయి. మియాపూర్‌లో ఇంకో చిన్న ఫ్లాట్ అద్దెకిచ్చాం. మొత్తమ్మీద ఏడాదికి 8 లక్షల ఆదాయం. ఇది సరిపోతుందా?

జవాబు: మీ బాధ నాకు కొత్త కాదు. మా అమ్మ వేళ్లు కూడా డిసెంబరులో అలాగే బిగుసుకుపోయేవి. వేడినీళ్లలో చేతులు పెట్టుకుని కూర్చునేది. అందుకే మీ ఆలోచనను తేలిగ్గా తీసిపారేయను. కానీ ఫ్లాట్ మాత్రం అమ్మొద్దు.

ముందు ఊరి సంగతి. చియాంగ్ మాయ్‌లో ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా పొలాల్లో, అడవుల్లో మంటల పొగ కమ్ముకుంటుంది. ఆ నెలల్లో అక్కడి గాలి ప్రపంచంలోనే అతి చెడ్డ గాలుల్లో ఒకటిగా నమోదవుతుంది. కీళ్ల కోసం వెళ్లి ఊపిరితిత్తులను ఇబ్బంది పెట్టుకున్నట్టవుతుంది. పైగా వెచ్చదనానికి బిగుసుకుపోవడం కొంత తగ్గొచ్చు గానీ జబ్బు పోదు, మందులూ ఆగవు.

ఇక వీసా. 50 దాటినవారికిచ్చే రిటైర్మెంట్ వీసాకు బ్యాంకులో 8 లక్షల బాట్‌లు ఉండాలి, లేదా నెలకు 65,000 బాట్‌ల ఆదాయం చూపాలి. బాట్ విలువ రెండున్నర రూపాయల పైమాటే. అంటే నెలకు లక్షా అరవై వేలకు పైగా కావాలి, మీకొచ్చేది 66 వేలు. మిగిలింది డిపాజిట్ దారి. 20 లక్షలకు పైగా అక్కడ కట్టిపడేయాలి. ఆ వీసాల్లో ఓ-ఏ రకానికైతే 30 లక్షల బాట్‌ల ఆరోగ్య బీమా కూడా అడుగుతారు. ఇద్దరికీ, అదీ ఉన్న జబ్బులతో, ఈ వయసులో ఆ ప్రీమియం ఎంతవుతుందో కొటేషన్ తెప్పించుకోకుండా అడుగు వేయకండి.

నన్ను ఎక్కువగా భయపెట్టేది ఇక్కడి హెల్త్ పాలసీ. మన పాలసీలు మామూలుగా మన దేశంలో చేయించుకున్న వైద్యానికే డబ్బిస్తాయి. అక్కడికెళ్లాక ఎందుకులే అని రెన్యువల్ మానేస్తారు చాలామంది. రేపు తిరిగొస్తే ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా వెయిటింగ్ పీరియడ్ (వాటికి డబ్బివ్వని గడువు) మళ్లీ మొదలు. ఆ వయసులో కొత్త పాలసీ ఇస్తారన్న భరోసా కూడా లేదు. ఎక్కడున్నా సరే, ప్రీమియం మాత్రం కట్టండి.

పన్ను కూడా మారుతుంది. ఇక్కడుంటే కొత్త విధానంలో 12 లక్షల దాకా రిబేటు వల్ల మీరు రూపాయి కట్టక్కర్లేదు. ఎన్నారై అయితే ఆ రిబేటు ఉండదు. 8 లక్షల మీద సెస్సుతో కలిపి 20,800 పడుతుంది. అది పెద్ద మొత్తం కాదు. అసలు ఇబ్బంది ఏమిటంటే, డిపాజిట్ల వడ్డీ మీద బ్యాంకు, అద్దె మీద మీ అద్దెకున్నవాళ్లు 30 శాతం పైన ముందే కోసేస్తారు. రిటర్ను వేసి రీఫండ్ కోసం ఎదురుచూడాలి. సీనియర్ సిటిజన్స్ స్కీమ్‌లో ఎన్నారైలు కొత్తగా ఖాతా తెరవలేరు. ఎన్నారై కాకముందే ఏడాదిలో 10 లక్షలు దాటి బయటికి పంపితే, దాటిన దాని మీద 20 శాతం టీసీఎస్ (బ్యాంకు ముందుగానే వసూలు చేసే పన్ను) పట్టుకుంటారు. అదీ తర్వాత రిటర్నులో సర్దుబాటవుతుంది గానీ అప్పటిదాకా మీ చేతిలో ఉండదు.

'సంక్రాంతి చలి సంకలెత్తనివ్వదు' అన్నవాళ్లే, శివరాత్రికి అది శివశివా అంటూ పోతుందని కూడా అన్నారు. రెండున్నర నెలల చలి కోసం పన్నెండు నెలల ఇల్లు వదులుకోవాలా? ఈసారి డిసెంబరు మొదట్లోనే కాకినాడలోనో విశాఖలోనో ఫర్నిచర్ ఉన్న ఇల్లు మూడు నెలలకు అద్దెకు తీసుకోండి. అక్కడ జనవరి తెల్లవారుజామున కూడా 18 డిగ్రీల అటూఇటూ ఉంటుంది. నెలకు 25 వేలు అద్దె అనుకున్నా మొత్తం 75 వేలు. అయితే సముద్రపు తేమ కొందరి కీళ్లకు, ఊపిరికి పడదు. అందుకే వెళ్లేముందు కీళ్ల డాక్టరునూ, ఛాతీ డాక్టరునూ ఇద్దరినీ అడగండి. మందులు మూడు నెలలకు సరిపడా రాయించుకోండి.

అక్కడున్నన్నాళ్లూ మీ ఆవిడ పొద్దున్నే ఎంతసేపటికి వేళ్లు ముడవగలిగారో, ఇన్‌హేలర్ ఎన్నిసార్లు వాడారో రోజూ ఒక నోటుబుక్కులో రాయండి. మార్చిలో ఆ పుస్తకం, ఖర్చుల లెక్క రెండూ నాకు పంపండి, థాయ్‌లాండ్ సంగతి అప్పుడు కూర్చుని మాట్లాడుకుందాం.