మిద్దె తోటలో బఠాణీ పూత ఎందుకు రాలుతోంది?

ప్రశ్న: మాది అనంతపురం. బెంగళూరు మారతహళ్ళిలో ఉంటున్నాము. మిద్దె మీద గ్రో బ్యాగుల్లో జనవరి చివర కిరాణా కొట్టులో కొన్న ఎండు బఠాణీలను నానబెట్టి విత్తాను. తీగ ఏపుగా రావాలని రెండుసార్లు యూరియా వేశాను. మార్చిలో పూత బాగానే వచ్చింది కానీ నిలవడం లేదు, ఆకుల మీద తెల్లటి పొడి కూడా కనిపిస్తోంది. తేనెటీగలు రాకపోవడమే కారణమా? చెన్నైలో ఉన్న మా చెల్లెలు కూడా వేయాలనుకుంటోంది.
— ఒక గృహిణి, బెంగళూరు

జవాబు: తేనెటీగలకూ మీ పూత రాలడానికీ సంబంధం లేదు. బఠాణీలో పువ్వు విచ్చుకోకముందే, మొగ్గ దశలోనే పరాగ సంపర్కం జరిగిపోతుంది కాబట్టి, ఒక్క తేనెటీగ వాలకపోయినా కాయ కడుతుంది. మీ విషయంలో అసలు కారణం విత్తిన నెల. బఠాణీ చలికాలపు పంట. నెల సగటు ఉష్ణోగ్రత 10 నుంచి 18 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉన్నప్పుడు బాగా కాస్తుంది, పగటి వేడి 30 డిగ్రీలు దాటితే పూతా పిందే రాలిపోతాయి. బెంగళూరులో మార్చి ఎండ ఆ హద్దు దాటుతుంది. అందులోనూ మిద్దె గచ్చు మీద ఉంచిన సంచిలో మట్టి నేల మీది మట్టికంటే త్వరగా వేడెక్కుతుంది. బెంగళూరు చలికాలం కూడా ఈ పంటకు కాస్త వెచ్చనిదే కాబట్టి, అక్టోబరు రెండో పక్షం నుంచి నవంబరు మధ్య వరకు ఉన్న వ్యవధిని వదులుకోకూడదు. అప్పుడు విత్తితే పూత, కాయ దశలు డిసెంబరు, జనవరి నెలల్లో పడతాయి.

యూరియా వేయడం కూడా పూతకు మేలు చేయలేదు. పప్పుజాతి మొక్క కనుక దీని వేరు బుడిపెల్లో ఉండే రైజోబియం బాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తుంది. పైనుంచి నత్రజని ఎక్కువైతే బుడిపెలు సరిగా ఏర్పడవు, ఆకు పెరిగి పూత తగ్గుతుంది. ఒక మొక్కను పీకి బుడిపెను గిల్లి చూడండి. లోపల గులాబీ రంగు ఉంటే అది పనిచేస్తున్నట్టు. ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు, కొంత కొబ్బరి పొట్టు, గుప్పెడు వేప పిండి కలిపితే సంచికి చాలు.

కొట్టులో దొరికే ఎండు బఠాణీ సాధారణంగా పప్పు కోసం పండించే రకం. మొలకెత్తుతుంది కానీ పచ్చికాయలో కూర బఠాణీకి ఉండే తీపి దానికి రాదు. విత్తనాల దుకాణంలో ముడతలు పడిన గింజ ఉండే ఆర్కెల్ అడగండి, విత్తిన 55–60 రోజుల్లో మొదటి కోత వస్తుంది. హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన అర్క అజిత్ బూడిద తెగులును, తుప్పు తెగులును తట్టుకుంటుంది. మీ మిద్దెకు నేను మొదట సూచించేది అదే. ప్యాకెట్టులోని గింజకు రంగు మందు పట్టించి ఉంటే దానికి మళ్లీ రైజోబియం పట్టించకండి, మిగిలిన గింజలను వంటకూ వాడకండి.

అంగుళం, అంగుళంన్నర లోతున నేరుగా సంచిలోనే విత్తండి. నారు పోసి నాటితే వేర్లు దెబ్బతింటాయి. మొలక వచ్చేదాకా మట్టి తడిగా ఉండాలే తప్ప నీరు నిలిస్తే గింజ కుళ్లుతుంది. నులితీగ పట్టుకోవడానికి సన్నని పుల్లలు గానీ వల గానీ మొదట్లోనే కట్టండి. ఒక్కో మొక్కకు మహా అయితే పది పదిహేను కాయలు వస్తాయి కాబట్టి, రెండు మూడు మొక్కలతో కూర అవుతుందనుకోవద్దు. సంచికి నాలుగైదు మొక్కల చొప్పున కనీసం ఆరు సంచులు పెట్టి, సగం అక్టోబరు రెండో పక్షంలో, సగం పదిహేను రోజుల తర్వాత విత్తండి. కాయ నిండుగా, ఇంకా పచ్చగా ఉండగానే కోయాలి, కోసిన రోజే వండాలి. ఆలస్యమైతే గింజలోని చక్కెర పిండిగా మారుతుంది.

మీరు చెప్పిన తెల్లటి పొడి బూడిద తెగులు. ఈ దశలో మందు కొట్టినా కాయ రాదు గనుక, తీగలను మొదలు దగ్గర కోసి పారవేయండి, కంపోస్టులో మాత్రం వేయకండి. వేర్లను మట్టిలోనే వదిలేయండి. వచ్చే పంటలో మచ్చ కనబడగానే నీటిలో కరిగే గంధకాన్ని లీటరుకు 3 గ్రాముల చొప్పున కలిపి, ఎండ తగ్గాక ఆకు రెండు వైపులా తడిసేలా పిచికారీ చేయండి.

మీ చెల్లెలికి మాత్రం బఠాణీ వేయమని చెప్పలేను. చెన్నైలో డిసెంబరు, జనవరి రాత్రులు కూడా దాదాపు 20 డిగ్రీల దగ్గరే ఉంటాయి. ఆకు వస్తుంది, కాయ అరుదు. అవే సంచుల్లో అలసంద గానీ గోరుచిక్కుడు గానీ వేసుకుంటే ఆ వేడికి తట్టుకుని కాస్తాయి.