ఎనిమిది మందే వస్తే ఆడించాలా?

ప్రశ్న: మా మహిళల స్లో పిచ్ (బంతిని నెమ్మదిగా, పైకి ఎత్తి వేసే రకం) సాఫ్ట్‌బాల్ లీగ్‌లో ఒక్కోసారి ఒక జట్టుకు ఎనిమిది మందే వస్తున్నారు. పైగా మొన్న ఫస్ట్ బేస్ దగ్గర ఇద్దరు ఢీకొన్నారు. ఏం చేయాలి?

జవాబు: స్లో పిచ్‌లో ఫీల్డింగ్‌కు 10 మంది ఉండాలి. సరదా లీగే కదా, ఎనిమిది మందితోనైనా ఆడనివ్వండి. కానీ ఆ సంఖ్యను సీజన్ మొదలవకముందే కాగితం మీద పెట్టి కెప్టెన్ల సంతకాలు తీసుకోండి. నేను నోటిమాటతో వదిలేసి, ఒక సాయంత్రమంతా పంచాయితీ తీర్చాను. ఆట మాత్రం సాగలేదు! ఢీకొనకుండా ఉండాలంటే ఫస్ట్ బేస్‌లో డబుల్ బేస్ (పక్కపక్కనే రెండు భాగాలున్న బేస్) వేయించండి. తెల్ల భాగం ఫీల్డర్‌ది, ఫౌల్ వైపున్న (గీతకు బయట ఉన్న) నారింజ భాగం రన్నర్‌ది. ఈ ఖర్చుకు వెనకాడకండి. 7 ఇన్నింగ్స్ పూర్తవాల్సిందేనని పట్టుబట్టకుండా, చీకటి పడేలోపు ముగిసేలా సమయ పరిమితి కూడా రాసుకోండి.