టైరు పేలిందని మూడు రూపాయల వడ్డీకి వెళ్తారా?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. నాకు ఒక జేసీబీ ఉంది. దాని మీద నెలకు 32,000 కిస్తీ, ఇంకా 16 నెలలు కట్టాలి. కాలువ పనుల మధ్యలో మొన్న వెనక టైరు రోడ్డు మీద పేలిపోయింది. రెండోది కూడా అరిగిపోయింది. ముందు టైర్లు ఇంకో ఏడాది వస్తాయని పంక్చర్ షాపతను అన్నాడు. కానీ ఎలాగూ మారుస్తున్నాం కదా అని నాలుగూ మంచివి, ఎక్కువకాలం మన్నేవి వేయిద్దామనుకుంటున్నాను. మామూలు నైలాన్ సెట్టు 92,000, వెనక రెండూ రేడియల్ అయితే 1,44,000 చెప్పారు. మా ఊళ్లో ఒకాయన మూడు రూపాయల వడ్డీకి లక్షన్నర ఇస్తానన్నాడు. ఖాళీ చెక్కు ఇచ్చి వచ్చాను, డబ్బు ఇంకా తీసుకోలేదు. బ్యాంకులో 45,000 ఉన్నాయి, అవి పిల్లల స్కూలు ఫీజులకు. కాంట్రాక్టర్ల దగ్గర నాకు రావాల్సింది 1,60,000. నెలకు 3,000 మ్యూచువల్ ఫండ్ సిప్ కడుతున్నాను. పోయినసారి హైడ్రాలిక్ పంపు పోయినప్పుడు మా ఆవిడ గాజులు బ్యాంకులో పెట్టాం, అవి ఇంకా విడిపించలేదు. ఏ టైర్లు తీసుకోమంటారు?

జవాబు: టైర్ల సంగతి తర్వాత. మీరు పంపిన ఉత్తరం పూర్తిపాఠంలో చివర ఒక మాట రాశారు: ‘జూలై నుంచి అక్టోబరు దాకా నెలకు నలభై గంటల పని కూడా ఉండదు’ అని. రాసేసి వదిలేశారు. మీ ఉత్తరాన్ని ఎంచుకున్నది ఆ మాట కోసమే. మెషిన్ ఓనర్లు నాకు రాసే ఉత్తరాల్లో చాలావాటిలో ఇదే కథ. పనులు జోరుగా ఉన్నప్పుడు వచ్చిన డబ్బంతా లాభంలా కనపడుతుంది. ఏదో ఒకటి విరిగిన రోజున చేతిలో రూపాయి ఉండదు. అప్పుడు గాజులు, ఆ తర్వాత వడ్డీ వ్యాపారి.

డెల్టాలో పని ఎప్పుడుంటుందో మీకు నేను చెప్పాలా? సార్వా కోతలు అయ్యాక మెరక పనులు, చెరువు గట్లు మొదలవుతాయి. దాళ్వా చివర ధవళేశ్వరంలో కాలువలు కట్టేసిన దగ్గర్నుంచి జూన్‌లో మళ్లీ నీళ్లు వదిలేదాకా పూడికతీత. నీళ్లు వచ్చాక చేలల్లోకి మెషిన్ దిగదు. వానలు, వరదలు, ఆపైన తుపాన్లు. 2022 జూలైలో గోదావరి వచ్చినప్పుడు లంకల్లో, కోనసీమ పల్లెల్లో ఎన్ని రోజులు పని ఆగిందో మీకు గుర్తుండే ఉంటుంది. కిస్తీ మాత్రం ఆగలేదు కదా.

ఇప్పుడు లక్షన్నర తెచ్చారనుకుందాం. నూటికి మూడు అంటే నెలకు 4,500, ఏడాదికి 36 శాతం. మీకు సీజన్ ఇంకో నాలుగు వారాలే ఉంది, ఈలోపు అసలు తీర్చలేరు. మళ్లీ పనులు ఊపందుకునే డిసెంబరు దాకా ఏడు నెలల వడ్డీ 31,500. దాదాపు ఒక వెనక టైరు డబ్బు. మెషిన్ షెడ్డులో నిలబడి ఉండగా మీరు మరో టైరు కొని ఆ వడ్డీ వ్యాపారి ఇంట్లో పెట్టినట్టు. ఇక ఖాళీ చెక్కు! ఎన్నిసార్లు రాసినా మనవాళ్లు ఇస్తూనే ఉన్నారు. అందులో ఆయన ఎంత రాసుకుంటే అంత బాకీ ఉన్నారని వాదన మొదలవుతుంది. అది బౌన్స్ అయితే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద కేసు పెట్టొచ్చు. శిక్ష రెండేళ్ల దాకా జైలు, లేదా చెక్కు మీద రాసిన మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ. టైరు పేలినందుకు కోర్టు మెట్లెక్కుతారా?

రోజువారీ ఫైనాన్స్ గురించి కూడా అడిగారు. లక్ష అని చెప్పి చేతికి 90,000 ఇచ్చి, రోజుకు వెయ్యి చొప్పున వంద రోజులు కట్టించుకుంటే అది పది శాతం వడ్డీ కాదు. మొదటి రోజు నుంచే అసలు తగ్గుతూ వస్తుంది కాబట్టి లెక్క కడితే ఏడాదికి 75 శాతం పైమాటే. ఆ గుమ్మం తొక్కకండి.

సరే, టైర్లు. ముందసలు అది ఎందుకు పేలిందో చూద్దాం. చెరువు పనిలో బురద పట్టు కోసం ఆపరేటర్ గాలి తగ్గించాడని, అదే గాలితో మెషిన్ రావులపాలెం దాకా రోడ్డు మీద వెళ్లిందని మీరే రాశారు. ఇంకేం కావాలి? గాలి తక్కువున్న టైరు తిరిగేకొద్దీ సైడ్‌వాల్, అంటే పక్క గోడ, వంగి లేస్తూ వేడెక్కుతుంది. లోపలి పొరలు విడిపోతాయి. రోడ్డు మీద అలాగే దూరం పోతే దాని పని అయిపోతుంది. ఇలా నడిపితే 1,44,000 సెట్టు కూడా పేలుతుంది. రెండు మూడు వందల రూపాయలకు గాలి చూసే గేజి దొరుకుతుంది. ఆపరేటర్‌కి డీజిల్ డబ్బుతో పాటు అది కూడా చేతికివ్వండి. రోడ్డెక్కే ముందు గాలి చూసి ఫోన్లో మీకు చెప్పాకే బండి కదలాలి.

రేడియల్ మంచిదే, కాదనను. రోడ్డు మీద చల్లగా నడుస్తుంది, అరుగుదల తక్కువ. కాకపోతే దాని సైడ్‌వాల్ పలచన. గట్ల మీద చెట్ల మోడులు, విరిగిన కాంక్రీటు ముక్కలు ఉన్నచోట కోతపడే ప్రమాదం నైలాన్ కంటే ఎక్కువ. డబ్బు లెక్క చూడండి. మీ పాత వెనక టైర్లు అవర్ మీటర్ ప్రకారం 2,700 గంటలు వచ్చాయి. నైలాన్ జత 68,000, అంటే గంటకు పాతిక రూపాయలు. రేడియల్ జత 1,20,000. అదే పాతికకు రావాలంటే అవి 4,750 గంటలు దాటి నడవాలి. అప్పు వడ్డీ కలిపితే ఇంకా ఎక్కువ. గాలి చూసే అలవాటు లేని మెషిన్‌కి అన్ని గంటలు వస్తాయని నేనైతే పందెం కట్టను. ముందు అలవాటు మార్చుకోండి. వచ్చే జత సొంత డబ్బుతో రేడియల్ వేసుకోండి. అప్పుడు కూడా ఒకే యాక్సిల్ మీద ఒకవైపు రేడియల్, ఇంకోవైపు నైలాన్ పెట్టకండి.

క్వారీ మెషిన్లకు వేసే రాతి టైర్లు ‘జన్మకు అరగవు’ అని కొట్టువాడు చెప్పాడట. మెట్ట వైపు క్వారీలో రోజంతా రాయి మీద తిరిగే లోడర్‌కి అవి సరే. మందపాటి రబ్బరు రోడ్డు మీద వేడిని పట్టేసుకుంటుంది. మీ మెషిన్ ఊరి నుంచి ఊరికి రోడ్డు మీదే తిరుగుతుంది, తవ్వేది బంకమట్టి. మీకు కావాల్సింది మట్టిని విదిలించుకునే గుబ్బలున్న మామూలు ఇండస్ట్రియల్ టైరు, కంపెనీ చెప్పిన సైజు, అంతే ప్లై (టైరు పొరల బలం చెప్పే అంకె).

మరో చిట్కా కూడా ఆయనే చెప్పాడు: వెనక 16.9-28 సైజు ట్రాక్టర్‌కి కూడా ఉంది, ట్రాక్టర్ టైరుకు జీఎస్టీ 5 శాతమే, అదే వేసుకోమని. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ టైర్ల మీద 5, మీ మెషిన్ టైర్ల మీద 28 నుంచి తగ్గి 18 అయిన మాట నిజమే. సైజు ఒకటైనంత మాత్రాన పని ఒకటి కాదు. అది దుక్కిలో లాగడానికి చేసిన టైరు. గుబ్బలు పొడుగ్గా, దూరం దూరంగా ఉంటాయి, తారు రోడ్డు మీద ఇట్టే అరుగుతాయి. మా మేనమామ ఒకసారి ఇలాంటి ‘సరిపోతుందిలే’ టైరు తన లోడర్‌కి వేసి, ఆర్నెల్లలో రెండోసారి కొన్నాడు. ఆ కథ ఆయన ఇప్పటికీ చెప్పుకోడు, మా అత్తయ్య చెబుతుంది.

కొనేటప్పుడు సైడ్‌వాల్ మీద చివరి నాలుగంకెలు చూడండి. 1425 అని ఉంటే 2025లో 14వ వారంలో తయారైందని. డిస్కౌంటు ఎక్కువిస్తున్నాడంటే ముందు ఆ అంకెలే చదవాలి. మీవాళ్లు సముద్రం వైపు ఉప్పు నేలల్లో కూడా పని చేస్తారు కాబట్టి రిమ్ములు విప్పినప్పుడు తుప్పు గోకించి రంగు వేయించండి. తుప్పు పట్టిన అంచు దగ్గరే గాలి మెల్లగా పోతుంది. పేలిన టైరుకు పైన కొత్త రబ్బరు వేయించే రీట్రెడింగ్ మాట మర్చిపోండి.

కాబట్టి ఇప్పుడు వెనక రెండూ నైలాన్, 68,000. ముందువి అలాగే ఉంచండి. ఏడాది నడిచే టైరుని తీసి పారేయడానికి అప్పు చేస్తారా ఎవరైనా? బ్యాంకులో ఉన్న 45,000 తీయండి. మిగతా 23,000కి టైర్ల కొట్టులో నెల రోజుల గడువు అడగండి. రెగ్యులర్‌గా మెషిన్ తిప్పేవాళ్లకు ఇస్తారు. ఫీజుల డబ్బు ఎలా ముట్టుకుంటామని మీ ఆవిడ అంటారు. స్కూళ్లు తెరిచేది జూన్ రెండో వారంలో. ఈ నాలుగు వారాల్లో 200 గంటలు నడిస్తే గంటకు 1,200 చొప్పున 2,40,000. అందులో డీజిల్ 97,000, ఆపరేటర్ జీతం బేటా 25,000, కిస్తీ 32,000, ఇంటికి 25,000 పోతే చేతిలో 60,000 పైన ఉంటుంది. కొట్టు బాకీ తీరి, ఫీజులకు చాలావరకు తిరిగొస్తుంది. తగ్గింది కాంట్రాక్టర్ల దగ్గర వసూలు చేయండి. మీ 1,60,000 వాళ్ల దగ్గర వడ్డీ లేకుండా తిరుగుతోంది. మీరేమో మూడు రూపాయలకు తెస్తానంటున్నారు! కాలువ బిల్లు రాలేదన్న కబుర్లు వినకండి. సగం ఇస్తేనే రేపు మెషిన్ వస్తుందని చెప్పండి. సీజన్‌లో ఆ మాట చెల్లుతుంది, జూలైలో చెల్లదు.

ఇక నేను అసలు చెప్పదలచుకున్నది. టైరు అరగడం మీకు ఆశ్చర్యమెలా అయింది? మీటర్ మీద గంటలు తిరుగుతూనే ఉన్నాయి. నాలుగు టైర్ల 92,000ని 2,700తో భాగిస్తే గంటకు 34. నలభై అనుకోండి. పని లేని నాలుగు నెలలకు కిస్తీ 1,28,000, ఇంటి ఖర్చు లక్ష, మొత్తం 2,28,000. మిగతా ఎనిమిది నెలల్లో మీకు 1,640 గంటల దాకా పని ఉంటుంది. ఆ గంటల మీద పంచితే గంటకు 140. రెండూ కలిపి 180. మీరు తీసుకునే 1,200లో 180 మీది కాదు, మెషిన్‌ది. సాయంత్రం గంటలు లెక్కపెట్టి డబ్బు తీసుకోగానే 180 చొప్పున వేరే బ్యాంకు ఖాతాలోకి వెళ్లిపోవాలి. దానికి ఏటీఎం కార్డు తీసుకోకండి, ఫోన్‌పేకి కలపకండి. లక్ష దాటింది దానంతటదే డిపాజిట్‌గా మారే స్వీప్ ఎఫ్‌డీలో ఉంటే చాలు. రాబడి గురించి ఆలోచించొద్దు.

ఈ మే నెలలో 180 సాధ్యం కాదని నాకూ తెలుసు. రేపటి నుంచి నలభై వేయండి. కొట్టు బాకీ తీరాక వంద చేయండి. కాంట్రాక్టర్ల బాకీలు వచ్చినప్పుడు అందులో లక్ష నేరుగా ఈ ఖాతాలో పడాలి. దాంతో జూలై, ఆగస్టు, సెప్టెంబరు కిస్తీలు గడిచిపోతాయి. డిసెంబరు నుంచి పూర్తి 180. అప్పటిదాకా సిప్ ఆపండి. గాజుల వడ్డీకి సర్దుకోలేనివాళ్లకు సిప్ ఎందుకు? రెండో మెషిన్ కొనే ఆలోచన ఈ ఖాతాలో 2,28,000 పడేదాకా ఎవరి దగ్గరా ఎత్తకండి.

ఇన్సూరెన్స్ థర్డ్ పార్టీ ఒక్కటే ఉందన్నారు. ఫైనాన్స్ కంపెనీ అడగలేదని వదిలేశారు కాబోలు. మీ మెషిన్ రోజంతా నిలబడేది తడి కాలువ గట్ల మీద. గట్టు జారి మెషిన్ పక్కకు పడితే ఏం చేస్తారు? మీ మెషిన్‌కి జరిగిన నష్టానికి కూడా డబ్బిచ్చే ప్యాకేజీ పాలసీ తీసుకోండి. అయితే తవ్వే పనిలో ఉండగా తిరగబడితే మామూలు పాలసీ ఇవ్వదు. అదనపు ప్రీమియం కట్టి ఆ కవర్ చేర్పించాలి. టైర్లకు ఐఎంటీ 23 అనే అదనపు కవర్ ఉంది కానీ అదీ మెషిన్‌కి ప్రమాదం జరిగి దాంతోపాటు పాడైతేనే, సగం తరుగుదల తీసేసి. ఊరికే పేలిన టైరుకు ఎవరూ పైసా ఇవ్వరు. అందుకే ఆ నలభై. ఆపరేటర్ లైసెన్సు ఆ రకం వాహనానికి చెల్లేదో లేదో కూడా చూసుకోండి, క్లెయిములు అక్కడే ఆగిపోతాయి. మీకు టర్మ్ పాలసీ, ఆపరేటర్‌కి, హెల్పర్‌కి బ్యాంకులో ఏడాదికి 20 రూపాయల సురక్షా బీమా ఈ నెలలోనే చేయించండి.

రేపు పొద్దున్నే వెళ్లి ఆ చెక్కు వెనక్కి తెచ్చుకోండి. డబ్బు తీసుకోలేదు కాబట్టి ఇవ్వనని అనడానికి ఆయనకు కారణం లేదు. తిప్పితే, చెక్కు నంబరు రాసి బ్యాంకులో స్టాప్ పేమెంట్ కాగితం ఇచ్చి, దాని కాపీ మీద స్టాంపు వేయించుకుని దాచుకోండి. ఆ తర్వాతే టైర్ల కొట్టుకి వెళ్లండి.