చిప్‌సెట్ మారితే ర్యామ్ వేగం మారుతుందా?

ప్రశ్న: పన్నెండో తరం ఇంటెల్ ఐ5 ప్రాసెసర్‌కు హెచ్610 మదర్‌బోర్డు సరిపోతుందా, బి660 తీసుకోవాలా? నా దగ్గరున్న రెండు డీడీఆర్4-3600 ర్యామ్‌లు రెండింటిలోనూ పూర్తి వేగంతో పనిచేస్తాయా?

జవాబు: హెచ్610లో పనిచేయవు. ర్యామ్‌ను నడిపే మెమరీ కంట్రోలర్ ఏనాడో ప్రాసెసర్‌లోకి చేరిపోయినా, ప్రాసెసర్‌కు నిర్దేశించిన ర్యామ్ వేగాన్ని దాటనివ్వాలా వద్దా అన్నది ఇంటెల్ విషయంలో ఇప్పటికీ మదర్‌బోర్డు మీది నియంత్రణ చిప్ అయిన చిప్‌సెట్టే (హెచ్610, బి660 అన్నవి వాటి పేర్లే) నిర్ణయిస్తుంది. హెచ్610 అందుకు అనుమతించదు కనుక మీ ర్యామ్ 3200కు మించి నడవదు. బి660లో మాత్రం బయాస్‌లోకి (కంప్యూటర్ ఆన్ కాగానే తెరవగలిగే మదర్‌బోర్డు సెట్టింగులు) వెళ్లి, ర్యామ్‌ను దాని మీద రాసిన వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీని ఆన్ చేస్తే 3600 అందుకునే వీలుంది. చాలామంది ఆ పని మరచి, ఖరీదైన ర్యామ్‌ను తక్కువ వేగంతోనే ఏళ్ల తరబడి వాడుతుంటారు.

అయితే ఈ తేడా రోజువారీ పనుల్లో కనిపించదనే నా అభిప్రాయం. 3200 వేగం వద్ద ఒక ఛానల్ (ప్రాసెసర్‌కూ ర్యామ్‌కూ మధ్య డేటా నడిచే దారి) సెకనుకు గరిష్ఠంగా 25.6 గిగాబైట్లు అందిస్తే, రెండు ర్యామ్‌లను వేర్వేరు ఛానళ్లలో అమర్చినప్పుడు అది 51.2కు చేరుతుంది, దీని ముందు 3200కూ 3600కూ మధ్య వ్యత్యాసం స్వల్పం. హెచ్610లో ఛానల్‌కు ఒక్క స్లాటే ఉంటుంది కాబట్టి, మున్ముందు మరో రెండు ర్యామ్‌లు చేర్చే ఆలోచన ఉంటే నాలుగు స్లాట్లున్న బి660 బోర్డునే ఎంచుకోండి. కొనేముందు అది డీడీఆర్4 రకమో డీడీఆర్5 రకమో తప్పక చూసుకోండి, ఒకదాని ర్యామ్ మరొకదానిలో పట్టదు.